వజ్రమ్మ నాలుగు నిమిషాలు

ఉదయం పదిన్నరకు, రోజూలాగే, అరవై మూడేళ్ళ కిందటి సభ మొదలైంది.

సభాపతి వచ్చి నలువైపులా నమస్కరించాడు. సభ్యులు లేచారు, కూర్చున్నారు. వాళ్ళకు బరువు లేదు కనుక కుర్చీలు కిర్రుమనలేదు. పైకప్పు అద్దాల్లోంచి దిగిన ఎండ వాళ్ళ భుజాల మీద ఆగకుండా నేరుగా తివాచీ మీద పడుతోంది. ప్రేక్షకుల గ్యాలరీ ముందు వరసల్లో బడిపిల్లలు కూర్చుని, ఏ ఛాయాసభ్యుడు ఎన్నిసార్లు లేచాడో వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు.

ఈ ఏర్పాటును సభాదర్శిని అంటారు. పాత సమావేశాల వీడియోలన్నీ ఒక వేసవిలో నిల్వకేంద్రం పాడై తుడిచిపెట్టుకుపోయాక, మిగిలిన కాగితాల్లోంచి సభను తిరిగి కట్టడానికి దీన్ని తయారుచేశారు. అచ్చయిన సంపుటాలు, ఫోటోలు, హాజరుపట్టీలు, గడియారం వేళలు రాసుకున్న చిట్టాలు, ఏది దొరికితే అది దానికి మేపారు. మాట ఉన్నచోట అది మాట పలికిస్తుంది. ‘నవ్వులు’ అని రాసి ఉంటే నవ్విస్తుంది. రాయని మాటను మాత్రం పుట్టించదు, చట్టం ఒప్పుకోదు. మాట లేనిచోట పెదవి కదలరాదన్నది దాని మొదటి నియమం. ఎంత నిజాయితీ గల యంత్రమో అని అందరూ మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ళలో సంపుటాలు తెరిచేవాళ్ళు కరువయ్యారు. ఇక్కడ కనిపించిందే జరిగింది, కనిపించనిది జరగలేదు.

సభాదర్శిని బాగోగులు చూసే మేఖల దగ్గరకు ఆ ఉదయం ఒక పెద్దావిడ చేతికర్రతో వచ్చింది. పేరు రత్నమాల. డెబ్బై రెండేళ్ళుంటాయి.

"ఆ రోజు సభేనా తల్లీ ఇయ్యాల?" అని అడిగింది.

"అవునండీ. ముత్తేపాడు జలాశయం బిల్లు రోజు. మీరు ముందే చూశారా?"

"ఒకసారి చూశాను. బొడ్డు వజ్రమ్మగారు మా అమ్మ."

ఆ పేరు మేఖలకు తెలుసు. గ్యాలరీకి వచ్చే ప్రతివాళ్ళకూ తెలుసు. ముత్తేపాడు నీళ్ళలో మునిగే బిల్లు మీద, ఆ ఊరు గెలిపించి పంపిన సభ్యురాలు లేచి నిలబడి, నాలుగు నిమిషాలు నోరు మూసుకుని, మళ్ళీ కూర్చుంటుంది. అచ్చయిన సంపుటంలో ఉన్నది ఒక్క వాక్యం: శ్రీమతి వజ్రమ్మ లేచి నిలబడ్డారు. ఆ వెంటనే తర్వాతి అంశం. పిల్లలు ఆమెకు మూగ వజ్రమ్మ అని పేరు కూడా పెట్టారు.

"ఇయ్యాల మూడింటికి మావాళ్ళంతా వత్తారు," అంది రత్నమాల. "మునిగిపోయిన ఊరి పేరున రాయి నిలబెడతన్నాం. ఊరి కోసం కొట్టాడినోళ్ళ పేర్లు చెక్కిత్తారు. అమ్మ పేరు ఒద్దంటన్నారు. ఈ ఆట చూసేసి, సాయంత్రం చెక్కేవోడికి జాబితా ఇచ్చేత్తారంట."

"మీ అమ్మగారు ఏమనేవారండీ?"

"మాట్లాడాననేది. ఈ యంత్రం రాకముందు నేనూ నమ్మేదాన్ని. వచ్చాక చూశాను. ఇంటికెళ్ళి, ఎందుకబద్ధమాడావే అని అడిగేశాను." ఆమె చేతికర్రను మరో చేతికి మార్చుకుంది. "ఆ తరవాత నాలుగేళ్ళు బతికింది. ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడెందుకొచ్చానంటే, నాకే తెలవదు. ఇంకోసారి చూడాలనిపించింది."

ముందు వరసల్లో చోటు లేక, మేఖల ఆమెను పక్కగా, గోడవార మూలకుర్చీలో కూర్చోబెట్టింది. అక్కడికి సభ ఏటవాలుగా కనిపిస్తుంది. సాధారణంగా ఆ కుర్చీ ఎవరూ అడగరు.

బిల్లు వచ్చింది. మంత్రి మాట్లాడాడు. వజ్రమ్మ లేచింది. నీలం అంచు తెల్లచీర, చేతిలో మడిచిన కాగితం. పెదవులు మూసుకునే ఉన్నాయి. ఆ ముఖాన్ని చూసే ధైర్యం లేక రత్నమాల చూపు కిందికి దించుకుంది. కింద, సభాపతి గద్దె ముందు, రిపోర్టర్ల బల్ల ఉంది. కళ్ళద్దాల మనిషి ఒకడు వంగి రాసుకుంటున్నాడు.

ఆమె కొంతసేపు ఊరికే చూసింది. తర్వాత మేఖల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, అమ్మ మాట్లాడకపోతే అతనేం రాత్తన్నాడు?"

మేఖల ఏడేళ్ళుగా ఆ సభను వందలసార్లు నడిపింది. ఒక్కసారి కూడా ఆ బల్ల వంక చూడలేదు. ఇప్పుడు చూసింది. సభంతా నిశ్శబ్దంగా ఉంది. పెన్సిలు మాత్రం పరుగెడుతోంది. పేజీ తిప్పాడు. మళ్ళీ రాస్తున్నాడు.

ఆమె నిల్వగదికి ఒక్క ఉరుకున వెళ్ళింది. అప్పట్లో రిపోర్టర్లు ఐదేసి నిమిషాలకు మారుతూ చెవిన పడ్డదల్లా షార్ట్‌హ్యాండ్ అనే సంకేతలిపిలో రాసేవారు. సభాపతి తీసేయమన్న మాటలను శుద్ధప్రతిలోంచి తీసేసేవారు. ఆ రోజు వజ్రమ్మ మాటలను, తీసేశామన్న ముక్క కూడా మిగలకుండా తీసేశారు. నోటుపుస్తకం జోలికి ఎవరూ పోలేదు. అది చిత్తుకాగితంతో సమానం. సభాదర్శినిని కట్టినవాళ్ళు చేతుల కదలిక సహజంగా ఉండాలని ఆ నోటుపుస్తకాల బొమ్మలను యంత్రానికిచ్చారు. దానికి అవి మాటలని తెలియదు, గీతలనే తెలుసు. గీతలను నిషేధించే చట్టం ఏదీ లేదు.

మేఖల నోటుపుస్తకం తెచ్చి రత్నమాల ఒళ్ళో పెట్టింది. వానపాములు పాకినట్టు సన్నని గీతలు, ఆరు పేజీలు.

"చదవగలిగేవాళ్ళు లేరామ్మా?"

"లేరండీ. సంకేతలిపి ఒక్కటే అయినా ఒక్కొక్కరిది ఒక్కో వాటం. తను రాసింది తనే చదువుకోవాలి. ఈయన పోయి నలభై ఏళ్ళయింది."

రత్నమాల గీతలను వేలితో తడిమింది. అయిదో పేజీలో రూపాయి బిళ్ళంత గుండ్రని మరక ఉంది. నీటి చుక్క పడినట్టు గీతలు అలుక్కుపోయాయి.

మూడింటికి ముత్తేపాడువాళ్ళు ఇరవై మంది వచ్చారు. సంఘం పెద్ద కొల్లి భీమేశ్వరరావుకు ఎనభై దాటాయి. ఊరు ఖాళీ చేసిన రోజున ఆఖరి బండిలో ఎక్కినవాడు. ఆయన రత్నమాలతో మాట్లాడకుండానే వచ్చి కూర్చున్నాడు.

"బాబాయ్, ఈసారి ఇటు పక్కకు రండి. అందరూ రండి," అందామె.

"ఏ పక్క నుంచి చూసినా మీ అమ్మ నోరు మెదపలేదు గదమ్మా."

"అమ్మని చూడొద్దు. ఆ రాసేవోడి చెయ్యి చూడండి."

గొణుక్కుంటూనే మూలకు జరిగారు. మధ్యాహ్నపు వెలుగు పల్చబడి, ఛాయాసభ్యులు నీళ్ళ అడుగున కూర్చున్నట్టు కనిపిస్తున్నారు. వజ్రమ్మ లేచింది. పెన్సిలు కదిలింది.

మొదటి నిమిషం కొందరు ఇంకా వజ్రమ్మ వైపే చూశారు. రెండో నిమిషంలో భీమేశ్వరరావు ముందుకు వంగాడు. "ఆగట్లేదేంటి," అన్నాడు తనలో తను. "రాత్తానే ఉన్నాడు." మూడో నిమిషంలో ఆయన పెదవులు వణకడం మేఖల చూసింది. నాలుగో నిమిషం మొదట్లో పెన్సిలు ఆగింది. రిపోర్టరు చెయ్యి గాల్లోకి లేచి, కాసేపు అలాగే ఉండి, మళ్ళీ కాగితం మీదికి దిగింది. మరకతో ఏం చెయ్యాలో యంత్రానికి తెలియలేదు. చెయ్యి ఆగిందని మాత్రం చూపించింది. రత్నమాల ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి, అయిదో పేజీలోని మరకను భీమేశ్వరరావుకు చూపించింది.

"ఏమందో," అన్నాడు భీమేశ్వరరావు. "రాసేవోడి చేత కూడా కన్నీళ్ళెట్టించింది. ఏమందో మా వదిన."

గ్యాలరీలో నిలబడకూడదన్నది సభానియమం. ఆయన కర్ర ఊతంతో నిలబడ్డాడు. ఆయన వెనక మిగతావాళ్ళంతా లేచారు. మేఖల వద్దనలేదు.

వజ్రమ్మ కూర్చుంది. సభ తర్వాతి అంశానికి వెళ్ళింది.

"రాయి మీద మొదటి పేరు ఆవిడదే," అన్నాడు భీమేశ్వరరావు రత్నమాల వైపు తిరగకుండానే. తర్వాత మేఖలతో, "ఇంకోసారి చూపిత్తారా అమ్మా?" అన్నాడు.

మేఖల సభను వెనక్కి తిప్పింది. వజ్రమ్మ మళ్ళీ లేచింది. ఇరవై మందీ పెన్సిలు వైపే వంగారు. రత్నమాల మాత్రం ఈసారి తలెత్తి, తల్లి ముఖంలోకి చూసింది.

"నమ్మలేదు, నన్ను క్షమించమ్మా," అంది.

మూసిన పెదవులు మూసుకునే ఉన్నాయి. ఆ నాలుగు నిమిషాలూ రత్నమాల కన్ను తిప్పకుండా వింటూ కూర్చుంది.