మూడో పిలుపు

పొద్దు పొడిచింది గానీ పొగమంచు విడలేదు. బారులో పదిహేనుమంది సైనికులు ఒకరి వెనక ఒకరు, భుజాన మూడేసి బారల ఈటెలతో నిలబడ్డారు. నిన్నటిదాకా పదహారుమంది. ఏటి అవతల పారశీకుల గుర్రాలు సకిలిస్తున్నాయి. దెర్దాస్ ఎండిన బార్లీ రొట్టె నములుతున్నాడు. రుచీ పచీ తెలియడం లేదు.

నిన్న ఏరు దాటబోతే తమ్ముడు మఖాటాస్ కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. అలాంటివాణ్ణి ఇంటి దిక్కుకు తిరిగి మూడుసార్లు పేరుపెట్టి పిలవాలి. అప్పుడే ప్రాణం ఇల్లు చేరుతుంది. దెర్దాస్ రెండుసార్లు పిలిచాడు. మూడోసారికి నోరు పెగల్లేదు. పిలిస్తే పోయాడని ఒప్పుకున్నట్టేగా!

"పిలిచేశావురా?" ముందు నుంచి అడిగాడు బారు పెద్ద అదాయోస్.

"పిలిచాను మావా."

అబద్ధం. ఏడుపు కూడా రాలేదు. మనసు మొద్దుబారిపోయింది.

మంచులో మనవాడెవడో పరాయివాడెవడో తెలిసేందుకు గుర్తుమాట బయల్దేరింది. అది చెవిలో చెవిలో చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ముందుకు రావాలి. ఇవాళ్టి మాట 'విజయం'. ఇప్పుడు చివరివాడు దెర్దాసే. ఎప్పుడూ చివర నిలబడేది తమ్ముడు. ఆ అలవాటు కొద్దీ మెడ తిప్పి, వెనకున్న మంచులోకి గుసగుసలాడాడు.

"విజయం."

"హెరాక్లీస్..." బదులొచ్చింది.

అది నిన్నటి మాట. మెడ మీద చల్లటి నీటిబొట్టు పడింది. ఏటి బురద వాసన.

భయమెయ్యాలి. వెయ్యలేదు.

"మాట మారిందిరా," అన్నాడు మెల్లగా.

"నాకెవరూ చెప్పలేదన్నా... చలేస్తోంది."

"ఇంటికి పోరా తమ్ముడూ. అమ్మ దగ్గరికి పో."

"దారి తెలీట్లేదన్నా."

తప్పు తనదే. దెర్దాస్ ఇంటి దిక్కుకు తిరిగి, కళ్ళు మూసుకుని, మిగిలిన ఆ ఒక్క పిలుపూ పిలిచేశాడు.

"మఖాటాస్!"

బురద వాసన పోయింది. హమ్మయ్య... అనుకున్నాడు.

అప్పుడు... చెవి పక్కనే...

"దెర్దాస్."

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు 'అన్నా' అనడమే గానీ పేరుపెట్టి పిలిచి ఎరగడు.

"దెర్దాస్."

రెండు.

బూర మోగింది. ఈటెలు ముందుకు వాలాయి. అందరితో పాటు అతని కాళ్ళూ కదిలాయి. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి.

ముందు నుంచి అదాయోస్ తిరిగి చూసి కసురుకున్నాడు.

"ఒరేయ్, దెర్దాస్ వెనకాల ఎవడ్రా అది? అడుగు కలుపు!"