గొడుగు కింది దొంగ జవాబు

ఇలా నా పక్కకి జరగండర్రా, గట్టిగా చెప్పే మాట కాదిది.

లిఫ్టులు బాగుచేసే అబ్బాయి ఒకడు, సూపర్‌వైజర్ పరీక్ష కోసం ట్యూషన్ టీచరమ్మ దగ్గర లెక్కలు నేర్చుకునేవాడు. ముందుగదిలో ఆవిడ నాన్న గడియారాలు రిపేరు చేసుకునేవాడు, వెనకగదిలో వీళ్ళ పాఠం.

వర్గమూలం గుర్తుని వాడు గొడుగు అనేవాడు. దాని కింద ఎక్స్ నక్కి ఉంటుంది. గొడుగు తియ్యాలంటే రెండువైపులా వర్గం చెయ్యాలి. అలా చేసినప్పుడు ఒక్కోసారి నిజం జవాబు పక్కన దొంగ జవాబూ వచ్చి కూర్చుంటుందట.

ఆవేళ బయట ఒకటే వాన. గొడుగు కింద ఎక్స్ ప్లస్ ఒకటి, అటువైపు ఎక్స్ మైనస్ అయిదు.

"ఎనిమిదీ, మూడూ," అని పెన్ను కింద పెట్టాడు వాడు.

"మూడుని మొదటి లైన్లో పెట్టి చూశావా?"

"పోనీలెండి, పాపం అదీ కష్టపడే వచ్చింది."

"ఇటు నాలుగుకి వర్గమూలం రెండు. అటు మూడులోంచి అయిదు పోతే మైనస్ రెండు. రెండూ ఒకటేనా? రోజూ ఇదే తప్పు. రేపు పరీక్షలోనూ ఇంతేనా?"

"ఫెయిలైతే మళ్ళీ మీ దగ్గరికే వస్తా."

ఆవిడ కిటికీలోంచి వాన వైపు చూసింది. "నేనుండను. నాకు సంబంధం కుదిరింది."

కరెంటు పోయిన లిఫ్టులా వాడు ఉన్నచోటే ఆగిపోయాడు. తరవాత కాగితం లాక్కుని, మిగిలిన లెక్కలన్నీ గబగబా చేసి, దొంగ జవాబులన్నీ కొట్టేశాడు.

"అయితే నీకు ముందే వచ్చన్నమాట."

"వచ్చిందంటే రావద్దంటారుగా," అని లేచాడు.

"ఎక్కడికి?"

"మీ మాటని మొదటి లైన్లో పెట్టి చూడ్డానికి."

తిన్నగా ముందుగదిలోకి పోయాడు. "మామయ్యగారూ, అమ్మాయికి సంబంధం కుదిరిందా?"

పెద్దాయన కంటికున్న భూతద్దం తీశాడు. "నిన్నటిదాకా బాబాయిగారూ అన్నావు. రాత్రికి రాత్రి మామయ్యని ఎలా అయ్యానురా?"

వాడు నేల చూపులు చూశాడు. "బాబాయి అంటే ఆవిడ నాకు చెల్లెలవుతుందండీ. ఆ లెక్క నాకు కుదరదు."

ఆయన నవ్వాపుకుని లోపలికి కేకేశాడు. "అమ్మాయ్, నీకు సంబంధం కుదిరిందటే?"

"అది దొంగ జవాబు నాన్నా. అలా అనకపోతే ఈ మనిషి రేపు కూడా మూడు రాసొచ్చేవాడు."

"మరి నిజం జవాబో?"

ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. "మీ ఎదురుగా నిలబడ్డాడుగా."

"ముందు పరీక్ష పాసై రా. అప్పుడు మామయ్యా అంటే పలుకుతా," అన్నాడాయన.

వాడు పాసయ్యాడు, ఆయన పలికాడు. ఇది గుర్తుపెట్టుకుని మీ వాళ్ళకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ మామయ్య మాట మాత్రం మింగెయ్యకండి, పెళ్ళి కుదిరింది దాంతోనే.