మిమ్మల్ని కాదమ్మా

ఆ ఉదయం కూడా అమ్మ అన్ని పనులూ వరస తప్పకుండా చేసింది. కూతురి ముఖం తుడిచింది, మాత్ర పొడి చేసి చెంచాతో పట్టింది, బిగుసుకున్న చేతిని మెల్లగా సాగదీసి చొక్కా తొడిగింది. చేతులు పనిచేస్తున్నాయి గానీ మనసు ఎక్కడా లేదు. పిల్లల ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చిన రోజు నుంచీ ఇదే తంతు. "మీ అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, ఇకపై పెద్దల ఆసుపత్రిలో చూపించుకోగలరు" అని అందులో రెండే ముక్కలు. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు, తిడదామంటే ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

కూతురు బుల్లికి పుట్టినప్పుడు మెదడుకు గాలి అందలేదు. కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినవు, నోరు పెగలదు. చక్రాల కుర్చీలోనే పెరిగింది. కళ్ళు మాత్రం మహా చురుకు. అవునంటే పైకి చూస్తుంది, కాదంటే గట్టిగా మూస్తుంది. అయితే ఆ కళ్ళను అడగాల్సిన అవసరం అమ్మకు ఎప్పుడూ కనిపించలేదు. కన్నతల్లికి తెలియని సంగతి ఉంటుందా ఎక్కడైనా?

పిల్లల డాక్టరు దగ్గర ఆమె మాటంతా "మేము", "మాకు". "మాకు రాత్రి జ్వరం కాసిందండీ", "మేం నిన్న రెండు ముద్దలే తిన్నాం" అనేది. ఆ పెద్దాయన కూడా తక్కువ తినలేదు. "అలాగా, మనం ఇంకో మాత్ర వేసుకుందామా?" అనేవాడు. ముగ్గురూ కలిసి ఆ మాత్ర మింగుతారేమో అన్నట్టుండేది వినేవాళ్ళకు.

"ఏంటలా రాయిలా కూర్చున్నావ్? కొత్త చోటని భయమా?" అన్నాడు నాన్న. పాల వ్యాన్ డ్రైవరు ఆయన, ఆ పూట సెలవు పెట్టి మరీ బయల్దేరాడు.

"భయమూ లేదు, ఏమీ లేదు. వాళ్ళచేత ఓ కాగితం రాయించుకుని పాత చోటికే పోదాం."

"పద్దెనిమిదేళ్ళ పిల్లని ఉయ్యాల్లో పడుకోబెడతారటే ఎవరైనా?"

ఆ మాట అమ్మ చెవిదాకా వచ్చి ఆగిపోయింది.

కొత్త ఆసుపత్రి గోడల మీద ఏనుగు బొమ్మలు లేవు. దగ్గుతున్న ముసలాయన పక్కన కాసేపు కూర్చున్నాక లోపలికి పిలిచారు. నాన్న వసారాలోనే ఉండిపోయాడు. డాక్టరమ్మ స్టూలు లాక్కుని, చక్రాల కుర్చీకి ఎదురుగా కూర్చుంది.

"రాత్రిళ్ళు మీకు నిద్ర సరిగ్గా పడుతోందా?"

"నాకేముందండీ, ఓ కునుకు పడితే చాలు" అంది అమ్మ.

"మిమ్మల్ని కాదమ్మా, ఆవిణ్ణి."

ఎవరైనా పెద్దావిడ వచ్చిందేమోనని అమ్మ వెనక్కి తిరిగి చూసింది. తలుపు వేసే ఉంది. డాక్టరమ్మ చూపు బుల్లి మీదే ఉంది. ఆ పిల్లను "మీరు" అన్న మొదటి మనిషి ఈవిడే.

"మాకు నిద్ర బాగానే పడుతుందండీ" అని అమ్మ సర్దుకుంది.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి. కళ్ళతో చెబుతారని పాత డాక్టరుగారు రాశారు. నిద్ర పడుతోందా అండీ?"

బుల్లి కళ్ళు గట్టిగా మూసింది.

"తుంటి నొప్పా?" పైకి చూసింది. "రోజూనా?" మళ్ళీ పైకే. "అమ్మకి తెలుసా?" రెప్పలు మూతపడ్డాయి.

డాక్టరమ్మ కాగితాలు తిప్పింది. "తుంటి కీలు జారిందని మూడేళ్ళ కిందటే ఆపరేషన్ చెప్పారు. ఎవరొద్దన్నారు?"

"మేమే."

"మేమంటే?"

అంతే, ఇన్నాళ్ళుగా గడ్డకట్టినదంతా ఒక్కసారి కరిగి పొంగింది. "నేనే! తొమ్మిదేళ్ళప్పుడు కాళ్ళు కోసి పిండికట్టు వేస్తే నెల్లాళ్ళు గుక్కపట్టి ఏడ్చిందిది. అప్పుడు మీరున్నారా? చంకనేసుకుని తిరిగిందాన్ని నేను! పట్టుమని పది నిమిషాలు కాలేదు, దీని మనసు మీకు తెలిసిపోయిందా?"

"తెలీదమ్మా. అందుకే అడుగుతున్నా."

అమ్మ కూతురి కళ్ళకేసి చూసింది. తెలుసు, తెలుసు అనుకుంటూ పద్దెనిమిదేళ్ళు ఒక్కసారీ అడగలేదు తను. మూడేళ్ళుగా బిడ్డ నొప్పి ఓర్చుకుంటుంటే, తన భయానికి "మేము" అని పేరు పెట్టుకుని గుమ్మానికి అడ్డం కూర్చుంది.

"ఆపరేషన్ మంచీ చెడూ అన్నీ చెబుతాను, విని మీరే తేల్చుకోండి" అంది డాక్టరమ్మ బుల్లితో. "అమ్మ పక్కన ఉండాలా వద్దా అన్నదీ మీ ఇష్టమే."

అమ్మ కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. "ఏమే, నేనుండనా?"

కళ్ళు మూతపడ్డాయి. మామూలుగా రెప్ప వేసిందేమోనని ఆశపడింది అమ్మ.

"వెళ్ళమంటావా?"

బుల్లి తల్లిని ఓసారి ఆప్యాయంగా చూసి, చూపు పైకెత్తింది. ఎంత పైకంటే, నల్లగుడ్డు కనబడనంత.

బయట నాన్న గబుక్కున లేచాడు. ఉత్తరం వచ్చాక భార్య కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదలు. "ఏమైంది? ఎందుకా ఏడుపు?"

"నన్ను బయటికి పొమ్మందండీ."

"అంత మాటందా? ఉండు, ఆ డాక్టరమ్మ సంగతేంటో..."

అమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఏడుపు మధ్యలోనే ఆమెకు నవ్వొచ్చింది.

"డాక్టరమ్మ కాదండీ. మన అమ్మాయి!"