చీమ తలకాయంత మర

"అత్తా, దుకాణం నేను చూసుకుంట. నువ్వు తిని రాపో," అంది సారిక.

ఎలిజబెత్ అత్త కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. గోదావరిఖని బజారులో చేతి గడియారాలు బాగుచేసే దుకాణం ఆమెది. ఆ పని ఆమె తన తండ్రి దగ్గర నేర్చుకుంది. ఎండాకాలం సెలవుల్లో ఇప్పుడు సారిక ఆమె దగ్గర నేర్చుకుంటోంది.

"గాజు గిన్నె కింద సదయ్య కాక గడియారం ఉంది. నూనె వేసిన, నడక చూస్తున్న. దాన్ని మాత్రం ముట్టకు," అని చెప్పి అత్త వెళ్లింది.

సారికకు విసుగొచ్చింది. సెలవులు మొదలైనప్పటి నుంచీ ఒకటే పని. సన్నటి పట్టకారు లాంటి చిమటాతో చిన్న చిన్న మరలు ఒక పళ్లెంలోంచి తీసి ఇంకో పళ్లెంలో పెట్టడం. గట్టిగా పడితే మర ఎగిరిపోతుంది, వదులుగా పడితే జారిపోతుంది. ఇప్పుడు ఒక్కటీ జారడం లేదు. అయినా అత్త ఒక్క గడియారాన్నీ విప్పనివ్వదు.

సదయ్య తాతకు చూపు లేదు. ఆయన గడియారం అద్దం మూతలా తెరుచుకుంటుంది. ముళ్లను, అంకెల దగ్గరున్న బొడిపెలను వేలితో తడిమి టైము చెబుతాడు.

'ఒక్కసారి లోపల చూసి మూసేస్త,' అనుకుంది సారిక.

వెనక మూత తీసింది. టిక్ టిక్ మంటూ చక్రం ఊగుతోంది. చీమ తలకాయంత మర ఒకటి మెరిసింది. సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని తిప్పింది. వచ్చేసింది! చిమటాతో పైకి ఎత్తింది.

అప్పుడే ఓపెన్‌కాస్ట్ గని నుంచి సైరన్ మోగింది. అత్త అయితే సైరన్ వినగానే చేతులు ఒళ్లో పెట్టుకునేది. గనిలో బ్లాస్టింగ్ పేలుడు అయ్యేదాకా దేన్నీ ముట్టేది కాదు.

'జల్ది పెట్టేస్త...'

ధబ్‌మంది. బల్ల అదిరింది. అల్మారా అద్దాలు గలగలలాడాయి. సారిక చూసేసరికి చిమటా కొన ఖాళీగా ఉంది.

బల్ల మీద వెతికింది. ఒళ్లో వెతికింది. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా వెతికింది. బొగ్గు దుమ్ములో ప్రతి నలుసూ మరలాగే కనబడింది.

బయట అత్త గొంతు వినిపించింది. సారిక గబగబా మూత నొక్కి, గడియారాన్ని గిన్నె కింద పెట్టేసింది. అది ఇంకా నడుస్తూనే ఉంది.

అత్త వెంట సదయ్య తాత కూడా వచ్చాడు.

"రేపు ఒక్కన్నే రైలెక్కుతున్న, ఎలిజబెత్. షుగర్ సూది టైముకు పడాలె. ఫోను టైము చెప్తది గని, రైల్ల రొదకు వినరాదు. గడియారం ఇప్పుడే ఇయ్యి."

అత్త గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. "మంచిగనే నడుస్తుంది కాకా. తీస్కపో."

తాత ముల్లును తడిమి నవ్వాడు. కర్రతో మెట్లు వెతుక్కుంటూ దిగాడు.

సారిక గుమ్మం దాకా వచ్చింది. మర లోపలే పడి ఉంటే? చక్రం మధ్యకు పోతే? ముల్లు ఆగినా తాతకు తెలియదు. వేలికి తగిలిందే టైమనుకుంటాడు!

"తాతా! ఆగు!"

ఆటోల మధ్య నుంచి ఉరికి ఆయన చెయ్యి పట్టుకుంది. "గడియారం నేను విప్పిన. మర పడిపోయింది. చెప్పకుండ మూసిన."

తాత ముఖంలో నవ్వు పోయింది. "గుడ్డోడు, వీనికేం ఎరుక అనుకున్నవా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. సారిక దాన్ని మింగేసింది. "అవును తాతా. జర సేపు గట్లనే అనుకున్న."

తాత వెనక్కి తిరిగి దుకాణం వైపు నడిచాడు.

విషయం విని అత్త చెయ్యి చాపి గడియారం తీసుకుంది. తిడితేనే బాగుండేదనిపించింది సారికకు. అత్త భూతద్దం పెట్టుకుని మూత తీసింది. చాలాసేపు వంగి చూసింది.

"ఉంది," అంది అత్త చివరికి. "చక్రం అంచునే ఉంది. ఇంకింత జరిగితే గడియారం ఆగిపోతుండె."

మరను పైకి తీసింది. దాని చోట పెట్టి బిగించింది.

"ఇగ పోవచ్చా?" అడిగాడు తాత, చెయ్యి చాపి.

అత్త సారిక వైపు చూసింది.

"పోకు తాతా," అంది సారిక. "మర అయితే దొరికింది. నేను ఇంకేం కదిలిచ్చిన్నో నాకే ఎరుక లేదు. నడక చూడనీ."

ఆయనకు స్టూలు జరిపింది. గడియారం పక్కన చెవి పెట్టి కూర్చుంది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. బజారులో ఎండ తగ్గింది. మొదటి షిఫ్టు దిగిన కార్మికులు సైకిళ్ల మీద, బైకుల మీద పోయారు. సారిక లేవలేదు.

"ఎట్లుంది బిడ్డా?" అన్నాడు తాత.

"నడుస్తుంది తాతా. అయినా ఇంకా వినాలె."

తాత కర్రను గోడకు ఆనించి, స్టూలు ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.