అనుమానపు హక్కు

రేవులో, సరుకు ఏ దేశంలో పుట్టిందో పట్టే మూలదర్శిని యంత్రం కింద తనిఖీ అధికారి కాంచన పెట్టిన పెట్టె మీద ఆకుపచ్చ వెలుగు పడింది. లోపలి వడపోత పొర వర్తక కూటమికి బయటి దేశంలో తయారైందని తెర మీద స్పష్టంగానే ఉంది. అయినా ఆకుపచ్చే. కూటమి రాయబారిగారి ఈతకొలను సామానుకు మినహాయింపు ఉంది. ఆమె పెట్టెను ముందుకు తోసి, చెయ్యి తుడుచుకుంది. చేతికి ఏమీ అంటలేదు, అయినా తుడుచుకుంది.

పక్క వరసలోని పెట్టెల్లో ఉన్నదీ అదే పొర, అదే కార్ఖానాది. ఉద్దానంలో మూత్రపిండాల రోగుల రక్తశుద్ధి కేంద్రానికి వెళ్ళాల్సిన సరుకు. వాటి మీద ఎర్ర వెలుగు పడింది.

ఒకప్పుడు వర్తక ఒప్పందాల్లో సుంకాలూ బేరసారాలూ ఉండేవట. కూటమి ఒప్పందంలో సరుకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నదే ముఖ్యం. ఆర్థిక భద్రత అన్న మాట తగిలిస్తే చాలు, ఎంత నీచమైన పనికైనా పెద్దరికం వచ్చేస్తుంది. ఎర్ర వెలుగు పడ్డ సరుకును వెనక్కి పంపరు, నుగ్గు చేస్తారు. దానికి ముందు ఒక అధికారి యంత్రపు పలక మీద అరచెయ్యి ఆనించి, 'నాకు అనుమానం ఉంది' అని పైకి అనాలి. ఆ మాటకు రుజువు అడగరు. కూటమి రేవులన్నీ దానికి కట్టుబడాలి. కాంచన రోజూ అంటూనే ఉంది. మూలదర్శిని ఆగితే సరుకు వదలడానికి వాడమని ఇచ్చిన రబ్బరు ముద్ర మాత్రం సొరుగులో పడి ఉంది. ఆ యంత్రం ఎప్పుడూ ఆగలేదు.

కంచె అవతల రక్తశుద్ధి కేంద్రం స్టోర్ కీపరు ఢిల్లీశ్వరరావు బండి పక్కన నిలబడి ఉన్నాడు.

"మేడమా, ఎర్ర లైటెలిగింది. ఏటి దానర్థం?"

"సరుకు నుగ్గయిపోతుంది."

"అలగనీకండి! నిన్నట్నుంచి మిషన్లు కాళీగున్నాయి. జనం ఒళ్ళుబ్బిపోయి ఊపిరాడక కూకున్నారు. మా అప్పా అందులోనే ఉంది. ఇయ్యాల మిషనెక్కించకపోతే బతకదండి." అతని చూపు ముందుకు కదిలిన పెట్టె మీద పడింది. "మరదేటి? దాని మీదా అదే కంపెనీ బొమ్మ ఉంది."

"అది ఈతకొలనుకి."

ఢిల్లీశ్వరరావు పక్కకు తిరిగి ఉమ్మాడు. "నీళ్ళు కడిగితే తప్పునేదు, రగతం కడిగితే ముప్పొచ్చీసిందా?"

కాంచనకు ఒప్పందం మీద ఎంత అసహ్యం వేసిందో, ఇన్నాళ్ళూ పలక మీద ఆనించిన తన చేతి మీదా అంతే వేసింది.

పై అధికారి సత్యకేతు గొంతు చెవిలో మోగింది. "కాంచనగారూ, ఏమిటి ఆలస్యం? ఆ మాట అనేయండి."

"రెండు వరసల్లోనూ ఒకటే పొర కదండీ."

"అది మన పరిధి కాదమ్మా. కానివ్వండి."

ఆమె పలక మీద అరచెయ్యి ఆనించింది. "నాకు అనుమానం ఉంది."

"దేని మీద?" పలక యథావిధిగా అడిగింది.

"ఈ మూలదర్శిని మీద. ఈ నమూనావి ఎక్కడున్నా సరే, అన్నిటి మీదా."

పలక రుజువు అడగలేదు. అడిగే ఏర్పాటు దానికి లేదు. మూలదర్శిని వెలుగు ఆరిపోయింది. తెర మీద కూటమి రేవుల పేర్లు ఒక్కొక్కటే నల్లబడటం మొదలైంది.

"ఏం చేశారు మీరు? వెనక్కి తీసుకోండి!" సత్యకేతు అరిచాడు.

"అనుమానాన్ని వెనక్కి తీసుకునే వీల్లేదండీ. మీరే చెప్పారు."

కాంచన సొరుగులోంచి ముద్ర తీసి, సిరా అద్ది, ఉద్దానం పెట్టెల మీద వరసగా కొట్టింది. "ఢిల్లీశ్వరరావుగారూ, బండి దగ్గరికి పెట్టండి."

"మరి మిమ్మల్నేటి సేస్తారో!" అన్నాడతను పెట్టె ఎత్తుకుంటూ.

"ముందు మీరు బయల్దేరండి. మీ అక్క కాసుకుని ఉంది."

చెవిలో సత్యకేతు ఇప్పుడు బతిమాలుతున్నాడు. "కనీసం ఆగిపోయిన రాయబారిగారి పెట్టెలకైనా ఆ ముద్ర కొట్టండమ్మా."

బండి గేటు దాటేదాకా కాంచన చూస్తూ నిలబడింది. తరవాత ముద్రను సొరుగులో పెట్టి తాళం వేసింది.

"వాటి మీదా నాకు అనుమానం ఉందండీ," అంది.