మెషిన్ విన్న మాట

"పదింటికి మన యాప్ లైవ్ కాకపోతే, మధ్యాహ్నం వాళ్ల కాంట్రాక్టు మీద నేను సంతకం పెట్టాల్సిందే," అంది అక్క, పిండి చేతులు దులుపుకుంటూ.

అక్కది బేకరీ. ఆ వీధి దుకాణదారుల సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆవిడే. తమ్ముడు సంఘం పెట్టుకున్న ఏకైక సీక్రెట్ ఏజెంట్. అందరూ అతన్ని చిల్లర అంటారు. పేరు విని తేలిగ్గా తీసుకున్నవాళ్లంతా తర్వాత లెంపలేసుకున్నారు.

విదేశీ కార్డు కంపెనీ ఏళ్లుగా ప్రతి అమ్మకంలోనూ నూటికి మూడు నొక్కేస్తోంది. ఇప్పుడు ఫోన్‌తో కట్టినా ఆ మూడూ తనకే రావాలని కొత్త కాంట్రాక్టు తెచ్చింది. కష్టం ఒకరిది, మేత ఇంకొకరిది. దుకాణాలవాళ్లకి ఒళ్లు మండి సొంత పేమెంట్ యాప్ కట్టుకున్నారు. సర్వర్ బేకరీ వెనక గదిలోనే ఉంది. అది తొలిరోజే పడిపోతే మళ్లీ దాని మొహం చూసే దుకాణం ఉండదు.

"ఇంటెలిజెన్స్ రిపోర్ట్?" అడిగాడు చిల్లర.

"లాంచ్ టైముకి కరెంటు తీసేస్తారు. నిఘంటువుని దింపారు."

చిల్లర పెదవి విరిచాడు. నిఘంటువు అంటే కంపెనీ టాప్ ఆపరేటర్. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుని, పుస్తకంలాగే మాట్లాడే పెద్దమనిషి.

"కబురు ఎవరిచ్చారు?"

"లోపల మన మనిషి ఒకరున్నారు. అంతకు మించి అడక్కు."

"సరే, కరెంటు పోతే జనరేటర్ ఉందిగా."

"ఏం జనరేటర్, నా మొహం. ఇప్పుడే చూశాను, డీజిల్ నిండుకుంది. తెప్పించే టైము కూడా లేదు."

కౌంటర్ మీద కంపెనీ ఇచ్చిన కార్డు మెషిన్ మిణుకుమిణుకుమంటోంది. చిల్లరకి అనుమానం వచ్చి దాన్ని బోర్లించాడు. అడుగున ఆవగింజంత మైక్.

అక్కకి చూపించాడు. ఆవిడ మొహం పాలిపోయింది. "నా నోరు పడిపోను," అని గొణిగింది.

ఇక మెయిన్ స్విచ్ దగ్గర కాపలా కాయడం ఒక్కటే దిక్కు. చిల్లర లైన్‌మన్ హెల్మెట్ తగిలించుకుని వెనక సందులోకి పరుగెత్తాడు.

స్విచ్ బోర్డు పక్కన గోడకి ఆనుకుని మేడమ్ నిలబడి ఉంది. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు. ఫీజు చర్చలకి కంపెనీ పంపే మనిషి. ప్రతి మీటింగులోనూ అక్కని ఏడిపించి పంపింది.

"హెల్మెట్ నీకు నప్పలేదు," అంది.

"తప్పుకోండి మేడమ్."

"ఇక్కడ కాపలా దండగ. ఆయన జనరేటర్ షెడ్డులో ఉన్నాడు."

"మీ మాట నమ్మి బోర్డు వదిలెయ్యమంటారా?"

"మా నాన్నది చెప్పుల కొట్టు. వీళ్ల మూడు కట్టలేకే మూతపడింది. నమ్మకపోతే నీ ఖర్మ. జనరేటర్ పని అవగానే ఇటే వస్తాడు."

చిల్లర ఆమె కళ్లలోకి చూశాడు. కళ్లద్దాల వల్ల ఏమీ కనబడలేదు. చచ్చినట్టు నమ్మాడు.

షెడ్డులో నిఘంటువు జనరేటర్ ట్యాంకులోకి పంచదార గుమ్మరిస్తున్నాడు. చిల్లర ఇనప తలుపు ధడాలున మూసి గడియ పెట్టాడు.

"మహాశయా!" లోపలి నుంచి గొంతు. "ఇంధనము నిండినదని వింటిని. ఇందు చుక్కయైనను లేదేమి?"

వీధంతా ఫోన్లు టింగుమన్నాయి. పదయింది. సర్వర్ నిక్షేపంలా నడుస్తోంది.

చిల్లర తన వెనకే వచ్చిన మేడమ్ వైపు తిరిగాడు. "ఆయనకి ఏం చెప్పారు?"

"నిండుకోవడం అంటే ఏమిటని అడిగాడు. ఫుల్ ట్యాంక్ అన్నాను. ఇంట్లో ఏదైనా అయిపోతే అమ్మలు అనే మాటని ఆయనకెవరు చెబుతారు పాపం."

బేకరీలో జనం కిక్కిరిసి ఉన్నారు. అందరూ ఫోన్‌తోనే కడుతున్నారు, కట్టినదంతా అక్కకే చేరుతోంది. అప్పుడు కంపెనీ డైరెక్టర్ నుంచి కాల్ వచ్చింది. అక్క స్పీకర్ ఆన్ చేసింది.

"ఫీజు విషయం ఒకసారి కూర్చుని మాట్లాడుకుందామండీ," అన్నాడు తేనె పూసిన గొంతుతో.

"తప్పకుండా మాట్లాడండి," అంది అక్క. "కాకపోతే మీరు వంద మాటలంటే అందులో మూడు మేం కోసుకుంటాం."