నడవ దాటిన పళ్ళెం

రొట్టె పళ్ళెం దగ్గరకొస్తోందంటే చాలు, ఏలియా మోకాలు ఊగడం మొదలుపెట్టేది.

టాటానగర్‌లోని గోల్‌మురి తెలుగు చర్చిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. మధ్యలో నడవ. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, ఏసు పేరిట అందరూ తలో రొట్టె ముక్కా పుచ్చుకుంటారు. పళ్ళెం మగవాళ్ళ బెంచీలన్నీ తిరిగి, ఆఖరి బెంచీ చివర కూర్చునే ఏలియా చేతికి వస్తుంది. అతను ముక్క తీసుకోడు. నడవ మీదుగా చెయ్యి చాచి అవతలి బెంచీకి అందించేస్తాడు. నీళ్ళలో మునిగి బాప్తిస్మం పుచ్చుకోనివాళ్ళు తీసుకోకూడదన్నది సంఘం కట్టుబాటు. చిన్నపిల్లల సంగతైతే సరే. పాతికేళ్ళవాడు, కార్ఖానాలో ఫిట్టరు, పైగా సంఘ పెద్ద, డీకన్ తవిటయ్య గారి ఒక్కగానొక్క కొడుకు! వీడికేం రోగమని సంఘమంతా గుసగుసలాడుకునేది.

ఆ ఆదివారం అవతలి బెంచీ చివర ఓ కొత్తమ్మాయి కూర్చుంది. పళ్ళెం అందుకోలేదు సరికదా, వెనక్కి తోసింది.

"మీరు తీసుకోలేదు," అంది మెల్లగా.

"పట్టుకోండి."

"ముందు మీరు తీసుకోండి. మరిచిపోయినట్టున్నారు."

"మరిచిపోలేదండీ బాబూ. పట్టుకోండి!"

గుసగుసగానే అన్నాననుకున్నాడు. పాస్టరు గారు ప్రార్థన ఆపి కళ్ళు తెరిచారు. బెంచీలన్నీ వెనక్కి తిరిగాయి. ముందు వరసలో ఉన్న తవిటయ్య గారు మాత్రం తిరగలేదు.

ఆరాధన అయ్యేసరికి బయట వాన దంచుతోంది. వసారాలో ఆ అమ్మాయి ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని రిక్షా కోసం చూస్తోంది. ముసలావిడ జోగమ్మను ఏలియా ఎరుగును. నది ఒడ్డు బస్తీ భుయ్యాడీహ్‌లో ఉంటుంది, రెండు కళ్ళూ పోయాయి.

"క్యా బాత్ హై! వచ్చిన రోజే డ్యూటీ ఎక్కేశారు," అన్నాడు ఏలియా.

ఆ అమ్మాయి మొహం కందిపోయింది. "నాకు తెలీదండీ. మా బొబ్బిలి సంఘంలో ఇంతేసి మీసాలున్నవాళ్ళు పళ్ళెం అలా దాటించెయ్యరు."

జోగమ్మ పకపకా నవ్వింది. "తవిటయ్య కొడుకువేనేటి? ఇది నా మనవరాలు రాయేలు. ఇక్కడ బళ్ళో పంతులమ్మగా సేరింది. నోరు కుంచెం పెద్దది, ఏటీ అనుకోకు నాయినా."

"రాహేలు," అని సరిదిద్దింది ఆ అమ్మాయి.

వానలో ఏ రిక్షావాడూ భుయ్యాడీహ్ బురదలోకి రానన్నాడు. "మామ్మని నా సైకిలెక్కించండి. నేను దింపుతాను," అన్నాడు ఏలియా. ముసలావిడ క్యారేజీ మీద కూర్చుని అతని నడుం పట్టుకుంది. రాహేలు గొడుగు పట్టి పక్కన నడిచింది. గొడుగు మామ్మ మీదే పట్టింది గాని, ఏలియా భుజం మీద కూడా ఓ మూల పడేట్టు పట్టింది. ఆ మూల సంగతి అతను వారమంతా తలుచుకున్నాడు.

తర్వాత ఆదివారం పిలవకుండానే సైకిలు తుడుచుకుని వెళ్ళాడు. ఆ పై ఆదివారమూ అంతే. ఎవరి కోసం వెళ్తున్నాడో సంఘంలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు.

ఏడాది తిరిగింది. మళ్ళీ వానలొచ్చాయి. ఓ సాయంత్రం గోల్‌మురి బజారులో, పకోడీ బండి టార్పాలిన్ కింద ఇద్దరూ చిక్కుకుపోయారు. ఏలియా పొట్లం కట్టిన కాగితాన్ని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"ఆ కాగితం ఏం చేసిందండీ మిమ్మల్ని?"

"రాహేలూ, నువ్వంటే నాకిష్టం. మీ నాన్నగారికి కబురు పెట్టమంటావా?"

రాహేలు వానకేసి చూసింది. "నాకూ ఇష్టమే," అంది. టార్పాలిన్ మీంచి నీళ్ళు అతని మెడలోకి కారుతున్నా ఏలియా కదల్లేదు. "కాని బాప్తిస్మం లేనివాళ్ళకి చర్చిలో పెళ్ళి చెయ్యరు కదా."

"అంతేనా! అరే, ఈ ఆదివారమే మునిగేస్తాను. నీ కోసం ఎన్నిసార్లయినా మునుగుతాను."

ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు మునగలేదు?"

ఏలియా ఎవరికీ చెప్పని మాట అది. "మా నాన్న సంగతి నీకు తెలీదు. లేవమంటే లేచాను. ఫిట్టరవమంటే అయ్యాను. జుట్టు కూడా ఆయన చెప్పిన మంగలి దగ్గరే. పదిహేనో ఏట బాప్తిస్మం పుచ్చుకోమని బెల్టు తీశాడు. ఆ ఒక్కటీ ఇవ్వలేదు. అదొక్కటే నాది అనుకున్నాను."

"మీ నాన్నకివ్వనిది నాకిచ్చేస్తారా?"

"నువ్వూ ఆయనా ఒకటా?"

"ఏసు ప్రభువు చోట అప్పుడు మీ నాన్న నిలబడ్డారు, ఇప్పుడు నన్ను నిలబెడుతున్నారు. రేపు నా మీద కోపమొస్తే ప్రభువుని వదిలేస్తారా?" ఆమె కొంగు నడుంలో దోపుకుంది. "నాకు భయంగా ఉందండీ. రేపు బొబ్బిలి వెళ్తున్నాను, అమ్మకి ఒంట్లో బాలేదు. అక్కడ నాన్న ఏదో సంబంధం చూశారంట కూడా. నేనొచ్చేదాకా మీరు నీళ్ళలో దిగొద్దు. నా కోసమైతే అసలే దిగొద్దు."

"సంబంధమా? మరి నువ్వేమన్నావ్?"

"నేనెప్పుడూ నాన్న మాట కాదనలేదు," అని వానలోకి దిగి వెళ్ళిపోయింది.

ఇక ఏలియాకి నిలకడ లేదు. మంచం మీద కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలిసేది కాదు. కార్ఖానాలో బిగించిన నట్టే మళ్ళీ బిగిస్తుంటే ఫోర్‌మన్ హిందీలో తిట్టాడు. సైకిలు టాటానగర్ స్టేషన్ వైపే లాగేది. బొబ్బిలి వైపు నుంచి వచ్చే బండి దిగేవాళ్ళను చూసి తిరిగొచ్చేవాడు. ఆమె మీద కోపం వచ్చేది, ఆ కోపం వచ్చినందుకు ఆమె అన్న మాటే గుర్తొచ్చి ఇంకా చిరాకు పుట్టేది.

ఆదివారం వచ్చింది. రాత్రి షిఫ్టు చేసి ఇంటికొచ్చాడు, ఒళ్ళు హూనమై ఉంది. ఇవాళ వెళ్ళి ఏం లాభం, ఆమె లేదుగా అని దుప్పటి కప్పుకున్నాడు. పడుకోలేకపోయాడు. తిట్టుకుంటూనే లేచి, వానలో తడుస్తూ భుయ్యాడీహ్ వెళ్ళాడు.

జోగమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, చెవి వీధికేసి పెట్టి. గంట కొట్టకముందే సైకిలు చప్పుడు పోల్చుకుని లేచి నిలబడింది.

ఆ పై వారమూ, ఆ పై వారమూ అలాగే జరిగింది. ఓ ఆదివారం గతుకుల దారిలో వెనకనుంచి ముసలావిడ అడిగింది.

"ఓరి గుంటడా, నా మనవరాలు ఊళ్ళో నేదు. ఎరుగుదువా?"

"ఎరుగుదును మామ్మా."

"మరేటికొత్తన్నావు? మీ నాన్న ఎల్లమన్నాడేటి?"

"లేదు."

"పాస్టరు గారు సెప్పినారా?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంటావు కదా. రాకపోతే ఎలా?"

జోగమ్మ అతని వీపు మీద చిన్నగా తట్టింది. "ముందర నువ్వు దానికోసం వచ్చీవోడివి. అది నాకూ తెలుసు, కళ్ళు పోతే మాత్తరం తెలీదేటి? ఇప్పుడు నాకోసం వత్తన్నావు. పేమంటే, మాటినడమంటే అదేరా నాయినా, రెండూ ఏరేరేటి? ఏసయ్య కూడా అలగే కూకున్నాడు నీకోసం. బెల్టు సంగతి రాయేలు సెప్పినాది. అది మీ నాన్నది. ఆయన సేతిలో బెల్టు నేదు."

ఏలియా సైకిలు ఆపేశాడు.

"ఏటయింది? గాలి పోయిందా?"

"లేదు మామ్మా," అని మళ్ళీ తొక్కాడు. కళ్ళు తుడుచుకోడానికి ఒక చెయ్యి వదిలితే ముసలావిడ భయపడుతుందని తుడుచుకోలేదు.

ఆ రోజు బల్ల ఆదివారం. పళ్ళెం వచ్చింది. అలవాటుగా అవతలికి అందించాడు. ఎప్పుడూ లేనిది, అది చెయ్యి దాటి వెళ్తుంటే అతనికి ఆకలేసింది. పదేళ్ళుగా తనది అని దాచుకున్నది ఏమిటో చూసుకుంటే, తండ్రి మీద పంతం తప్ప అందులో ఇంకేం కనబడలేదు.

సాయంత్రం తవిటయ్య గారు గుమ్మంలో బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నారు.

"నాన్నా, నేను బాప్తిస్మం పుచ్చుకుంటాను. నువ్వు చెప్పావని మాత్రం కాదు."

తవిటయ్య గారి చెయ్యి ఆగింది. "నాను సెప్పడం మానేసి సానా కాలమైంది. నువ్వు గమనించనేదు." బ్రష్షు కింద పెట్టారు. "బెల్టు తీసిన రోజు తప్పు సేసినానురా. నాను నిన్ను ఆయన కాడికి తోసినాను గాని, నువ్వు రాడానికి సోటు ఒగ్గనేదు."

ఆ తండ్రీ కొడుకుల మధ్య అంత పొడుగు మాట ఎప్పుడూ నడవలేదు. ఏలియా రెండో బూటు తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

ఒక్కటే పీడించింది. రాహేలు వద్దంది. ఆమె వచ్చేదాకా ఆగాలా? ఆగితే మళ్ళీ ఆమె మాట మీదే ఆగినట్టు. దిగితే ఆమె మాట తప్పినట్టు, ఆమె దూరమైపోతే అదే ఆఖరు. వానలు తగ్గి సువర్ణరేఖ నదిలో ఎర్రనీళ్ళు తేరేదాకా ఆ ఆలోచన అతన్ని నిలవనివ్వలేదు. చివరికి ఆగకూడదనే నిర్ణయించుకున్నాడు.

బాప్తిస్మం రోజు పొద్దున్నే సంఘమంతా భుయ్యాడీహ్ రేవుకి వచ్చింది. పాస్టరు గారు నడుంలోతు నీళ్ళలో నిలబడ్డారు. తెల్లపంచె కట్టుకుని ఏలియా దిగాడు. నీళ్ళు చల్లగా మోకాళ్ళు దాటాయి. చిత్రం, ఇవాళ మోకాలు ఊగలేదు.

"ఎవరి మాట మీద దిగావు నాయనా?" అన్నారు పాస్టరు గారు, అందరికీ వినబడేట్టు.

ఏలియా ఒడ్డుకేసి చూశాడు. జోగమ్మ చెయ్యి పట్టుకుని, పక్కన రేకుపెట్టెతో, అప్పుడే రైలు దిగిన మసితో, రాహేలు నిలబడి ఉంది. ఆమె వద్దన్న సంగతి చెప్పకుండా నోరు మూసుకోవచ్చు. మూసుకోలేదు.

"నా కోసం ప్రాణం పెట్టినాయన పిలిచాడండీ. ఆలస్యంగా విన్నాను. ఒడ్డు మీద ఒకావిడ వద్దని చెప్పింది. ఆవిడంటే నాకు ప్రాణం. అయినా దిగాను."

ఒడ్డున ఎవరో ఫక్కున నవ్వారు. పాస్టరు గారు నవ్వాపుకుంటూ అతన్ని నీళ్ళలో ముంచి లేపారు. లేచేసరికి తవిటయ్య గారు బూట్లతోనే నీళ్ళలో ఉన్నారు.

తడిబట్టలతో వచ్చిన ఏలియాకి రాహేలు తువ్వాలు అందించింది. "నా మాట వినలేదు."

"వినలేదు."

"వద్దని చెప్పాను కదా."

"చెప్పావు. కోపమా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదాల మీద నవ్వు ఆగలేదు. "బొబ్బిల్లో నేను కూడా మొదటిసారి నాన్న మాట వినలేదండీ. నాన్నా, నీ మీద ప్రేమతోనే చెప్తున్నాను, ఈ సంబంధం నాకొద్దన్నాను. మూడ్రోజులు అన్నం ముట్టలేదాయన. బండెక్కించడానికి స్టేషన్‌కొచ్చి మాత్రం, ఆ ఫిట్టరుని ఓసారి చూడాలన్నారు."

"ఏం చూస్తారు? మీసాలా?"

"ముందు తల తుడుచుకోండి. మామ్మ చలికి వణుకుతోంది, ఇంటికి దింపాలి."

"నువ్వు చెప్పక్కర్లేదు," అని సైకిలు తిప్పాడు ఏలియా.

తర్వాత నెల బల్ల ఆదివారం, బొబ్బిలి నుంచి వచ్చిన రాహేలు తండ్రి మగవాళ్ళ వరసలో తవిటయ్య గారి పక్కన కూర్చున్నారు. పళ్ళెం బెంచీలన్నీ తిరిగి ఆఖరి బెంచీకి వచ్చింది. ఏలియా తలొంచుకుని చిన్న ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కాసేపు తల ఎత్తలేకపోయాడు. తర్వాత నడవ మీదుగా చెయ్యి చాచాడు.

రాహేలు వెంటనే అందుకోలేదు.

"తీసుకున్నారా?" అంది మెల్లగా.

"తీసుకున్నాను."

అప్పుడు అందుకుంది.